ఇంట్లో తెలుగు, బడిలో స్పానిష్–ఇంగ్లీష్: పాపని డ్యూయల్ లాంగ్వేజ్ క్లాసులో వేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. డల్లస్ శివారులో ఉంటున్నారు. పాప ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరుతోంది. మీ ఎలిమెంటరీ స్కూల్లో స్పానిష్–ఇంగ్లీష్ డ్యూయల్ లాంగ్వేజ్ ప్రోగ్రాం ఉంది, లాటరీకి అప్లై చేయమన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మూడు భాషలు ఒకేసారి మీద పడితే పాప కన్ఫ్యూజ్ అవుతుందేమో, ఇంగ్లీష్ వెనకబడుతుందేమో అని టెన్షన్. పైగా మీ ఇద్దరికీ స్పానిష్ ఒక్క ముక్క రాదు, హోంవర్క్ ఎలా చేయించాలి అని అడిగారు.

అప్లై చేయండి. సీటు వస్తే వేసేయండి. నేను టెక్సాస్‌లోనే ఇలాంటి ప్రోగ్రాంలో పదకొండేళ్లుగా ఇంగ్లీష్ వైపు టీచర్‌ని. మా అబ్బాయి కూడా కిండర్‌గార్టెన్ నుంచి ఐదో తరగతి దాకా ఇదే ప్రోగ్రాంలో చదివాడు. నేను చూసినంతలో చెప్పగలిగేది ఇది: ఇంగ్లీష్ ఎలాగూ వస్తుంది. మీరు వదిలేయకుండా ఉంటే స్పానిష్ కూడా వస్తుంది. ప్రమాదం ఉన్నదల్లా తెలుగుకే, దాన్ని కాపాడాల్సింది మీరే. అందరూ మొదటిదాని గురించి భయపడతారు, మూడోదాని గురించి ఎవరూ అడగరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ క్లాసు ఎలా నడుస్తుందో చెప్తాను. స్పానిష్‌ని ఒక సబ్జెక్టుగా వారానికి రెండు పీరియడ్లు చెప్పడం కాదు ఇది. లెక్కలో, సైన్సో, సోషలో ఆ భాషలోనే చెప్తారు. మా స్కూల్లో సగం సగం పద్ధతి. రెండు సెక్షన్లకి ఇద్దరు టీచర్లం. పొద్దున ఒక సెక్షన్ పిల్లలు నా దగ్గర ఇంగ్లీష్‌లో లెక్కలు, చదవడం నేర్చుకుంటే, ఇంకో సెక్షన్ పక్క గదిలో మా పార్ట్‌నర్ టీచర్ దగ్గర స్పానిష్‌లో సైన్సు, సోషల్ చదువుతారు. లంచ్ అయ్యాక పిల్లలు గదులు మారతారు. కొన్ని స్కూళ్లలో 90/10 అని ఉంటుంది. అంటే కిండర్‌లో రోజులో తొంభై శాతం స్పానిష్‌లోనే నడుస్తుంది, ఏడాదేడాదికీ ఇంగ్లీష్ పెంచుకుంటూ నాలుగు, ఐదు తరగతులకి సగం సగానికి తెస్తారు. మీ స్కూల్లో ఏ పద్ధతో మొదటే అడగండి, ఎందుకంటే మొదటి రెండేళ్లు మీ అనుభవం దాన్ని బట్టే ఉంటుంది. ఇక కొన్ని ప్రోగ్రాములని ‘టూ వే’ అంటారు, అంటే క్లాసులో సుమారు సగంమంది ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు, మిగతా సగం ఇంగ్లీష్ వచ్చిన పిల్లలు ఉంటారు. టీచరే కాదు, పిల్లలు కూడా ఒకరికొకరు గురువులు.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. 1959 విప్లవం తర్వాత క్యూబా నుంచి మయామీకి కుటుంబాలు వేలల్లో తరలివచ్చినప్పుడు, 1963లో అక్కడి కోరల్ వే ఎలిమెంటరీలో క్యూబా పిల్లల్నీ అమెరికా పిల్లల్నీ కలిపి రెండు భాషల్లో చదివించడం మొదలుపెట్టారు. మధ్యలో ఎదురుగాలి కూడా వీచింది. కాలిఫోర్నియాలో 1998లో ఓటర్లు ద్విభాషా బోధనని దాదాపు ఆపేశారు, మళ్లీ 2016లో వాళ్లే ఆ ఆంక్షలు ఎత్తేశారు. మన టెక్సాస్‌లో అయితే ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే బడుల జిల్లాలో, ఒకే తరగతిలో ఒకే మాతృభాష ఉన్న, ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు ఇరవై మంది ఉంటే బైలింగ్వల్ ప్రోగ్రాం పెట్టాలని చట్టమే ఉంది.

ఇక ఇంగ్లీష్ భయం. డ్యూయల్ లాంగ్వేజ్ పిల్లలు బాగా చదువుతున్నారంటే, అది ప్రోగ్రాం గొప్పా లేక పట్టుదల ఉన్న తల్లిదండ్రులే అందులో చేర్పిస్తారు కాబట్టా అని ఎవరైనా అడగొచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. దానికి మంచి జవాబు ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నుంచి వచ్చింది. అక్కడ సీట్లు లాటరీలో ఇచ్చారు. 2004 నుంచి 2010 దాకా కిండర్‌కి అప్లై చేసిన పిల్లల్లో లాటరీ తగిలినవాళ్లనీ తగలనివాళ్లనీ పోల్చి చూశారు. అప్లై చేసింది అందరూ ఒకేలాంటి తల్లిదండ్రులే, తేడా చీటీలోనే. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం ఐదో తరగతికి వచ్చేసరికి డ్యూయల్ పిల్లలు ఇంగ్లీష్ చదవడంలో దాదాపు 7 నెలల చదువంత ముందున్నారు, ఎనిమిదో తరగతికి 9 నెలలంత. లెక్కలు, సైన్సుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఇంకో భాషలో నేర్చుకున్నందుకు అక్కడా నష్టపోలేదు.

కానీ ఆ అంకెలు ఐదో తరగతివి. మీకు కష్టకాలం వచ్చేది ఒకటి, రెండు తరగతుల్లో. పక్కింటి పిల్లాడు మామూలు క్లాసులో ఉండి అప్పటికే చిన్న చిన్న చాప్టర్ పుస్తకాలు చదువుతుంటాడు, మీ పాప ఒక మెట్టు కింద ఉంటుంది. రిపోర్ట్ కార్డ్ చూసి గుండె జారుతుంది. నాకూ జారింది. మా అబ్బాయి రెండో తరగతిలో ఇంగ్లీష్ రీడింగ్ లెవెల్ తక్కువగా వచ్చింది. నేనే టీచర్‌ని, మిగతా తల్లిదండ్రులకి ఓపిక పట్టమని చెప్పేదాన్ని, అయినా తట్టుకోలేక ఇంట్లో కూడా ఇంగ్లీష్ మొదలుపెట్టాను. వంటింట్లో, కార్లో, అన్నం దగ్గర, అన్నిచోట్లా ఇంగ్లీషే. నాలుగు నెలలు అలా నడిచింది. ఒక ఆదివారం రాజమండ్రి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "ఏం తిన్నావురా నాన్నా?" అంటే వాడు ఇంగ్లీష్‌లో జవాబు చెప్పాడు. మా అమ్మ కాసేపు ఆగి, "సరేలే, అమ్మకివ్వు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

వాడి ఇంగ్లీష్ రీడింగ్ మూడో తరగతి మధ్యకల్లా క్లాసుతో సమానమైంది. అది నేను ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడినందువల్ల కాదు. స్పానిష్‌లో చదవడం గట్టిపడి, ఆ చదివే నేర్పు ఇటు వచ్చింది. చదవడం అనేది ఒక్కసారి నేర్చుకునే విద్య, లిపి మారినా భాష మారినా లోపలి పని అదే. కానీ ఆ నాలుగు నెలల్లో పోయిన తెలుగు తిరిగి రాబట్టడానికి రెండేళ్లు పట్టింది. ఇంగ్లీష్ కోసం ఇంట్లో తెలుగు ఆపకండి. మీరెంత ప్రయత్నించినా ఈ దేశంలో పిల్లలకి ఇంగ్లీష్ రాకుండా ఆపలేరు. తెలుగు మాత్రం ఊరికే ఉంటే పోతుంది.

కన్ఫ్యూజన్ మాటకొస్తే, పాప "అమ్మా, అగువా కావాలి" అంటుంది. ‘అగువా’ అంటే నీళ్లు. అది గందరగోళం కాదు, దొరికిన మాట వాడుకోవడం. చిత్తూరు వైపు తెలుగు, తమిళం కలిపి పెరిగిన పిల్లలు, బళ్లారిలో కన్నడం, తెలుగు రెండూ ఆడుకుంటూ నేర్చుకున్నవాళ్లు, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ పట్టేసినవాళ్లు మీకు తెలిసే ఉంటారు. ఎవరితో ఏ భాష మాట్లాడాలో పిల్లలకి చాలా తొందరగా తెలుస్తుంది. మాట ఆలస్యమైన పిల్లల విషయంలో మాత్రం కొందరు డాక్టర్లు, టీచర్లు "ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇస్తుంటారు. రెండు భాషలు వినడంవల్ల మాట ఆలస్యం కాదు. అనుమానం ఉంటే పరీక్ష చేయించండి, కానీ ఆ పరీక్ష తెలుగులో కూడా జరగాలని అడగండి. వీలైనంత వరకు పిల్లల సొంత భాషలో పరీక్షించాలని ఇక్కడి చట్టమే చెప్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. తెలుగు పిల్లలకి స్పానిష్‌లో ఒక సొంత సౌలభ్యం ఉంది, అది చాలామందికి తెలియదు.

ఆగస్టు చివరివారంలో మా పార్ట్‌నర్ టీచర్ బోర్డు మీద మ, మె, మి, మొ, ము అని స్పానిష్ అక్షరాల్లో రాసి పిల్లలచేత పాడిస్తుంది. తర్వాత ప, పె, పి, పొ, పు. నేను మొదటిసారి విన్నప్పుడు మా ఊరి బళ్లో గుణింతం చదివినట్టే అనిపించింది. స్పానిష్‌లో అచ్చులు ఐదే, ఎక్కడ రాసినా ఒకటే పలుకుతాయి. రాసినట్టే చదువుతారు. అందుకే చాలామంది పిల్లలకి ఇంగ్లీష్ కంటే ముందు స్పానిష్ చదవడం వచ్చేస్తుంది.

ఆవిడ ఇంకో ఆట ఆడిస్తుంది. సన్నటి కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని ‘పాపెల్’ అనమంటుంది, అంటే కాగితం అని. కాగితం కదలకూడదు. ఇంగ్లీష్ పిల్లలకి ‘ప’ అన్నప్పుడల్లా గాలి వచ్చి కాగితం రెపరెపలాడుతుంది, నవ్వుకుంటారు, మళ్లీ ప్రయత్నిస్తారు. మన పిల్లల కాగితం మొదటిసారే కదలదు. మనకి ప వేరు, ఫ వేరు కదా. స్పానిష్‌లో ‘త’, ‘ద’ కూడా నాలుక పళ్లకి తగిలి పలికేవే, మన త, ద లాగా. ‘గుర్రం’ అనగలిగిన పాపకి ‘పెర్రో’ అనడం కష్టం కాదు. ‘పెర్రో’ అంటే కుక్క, ‘పెరో’ అంటే ‘కానీ’. ఈ తేడా మన చెవికి ఇట్టే తెలుస్తుంది.

వ్యాకరణంలో ఇంకా దగ్గరితనం ఉంది. మనం ‘పాడతాను, పాడతావు’ అంటే నేను, నువ్వు అని వేరే చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది. స్పానిష్‌లోనూ అంతే: కాంతో, కాంతాస్, కాంతా. ‘నాకు మామిడిపండు ఇష్టం’ అన్నప్పుడు ‘నేను’ కాదు, ‘నాకు’ అంటాం. వాళ్లూ ‘మే గుస్తా’ అంటారు, అక్కడా ‘నాకు’ అనే ఉంది. తల నొప్పికీ అంతే, ‘మే దుయెలే లా కబేసా’. ఇంగ్లీష్ ఒక్కటే వచ్చిన పిల్లలు దీని దగ్గర నెలల తరబడి తడబడతారు. ‘నువ్వు’, ‘మీరు’ తేడా కూడా ఉంది, ‘తూ’, ‘ఉస్తెద్’ అని. మన పిల్లలకి కష్టమయ్యేది ఒక్కటే: బల్లకీ కుర్చీకీ కూడా ఆడ, మగ తేడా ఉంటుంది. అది వింటూ వింటూ వస్తుంది, అప్పటిదాకా తప్పులు పోతాయి, ఫర్వాలేదు.

ఈ దగ్గరితనం పాపకి కనిపించాలంటే పాపకి తెలుగు వచ్చి ఉండాలి. నేను తెలుగు, తెలుగు అని ఇంతలా చెప్పడానికి అదొక కారణం.

ఒక సంగతి చెప్తాను. రెండేళ్ల క్రితం ఒకటో తరగతిలో చిక్కుడు గింజలు మొలకెత్తించే పాఠం. తడిపిన పేపర్ టవల్‌లో గింజ పెట్టి, జిప్ సంచిలో వేసి కిటికీకి అంటిస్తారు. ఇద్దరిద్దరు పిల్లలకి ఒక సంచి. ఒక తెలుగు పాపకి జతగా హోండురాస్ నుంచి వచ్చిన కుర్రాడు. నాలుగో రోజు తెల్లటి వేరు బయటికి వచ్చింది. వాడు లేబుల్ మీద ‘రాయిస్’ అని రాశాడు, స్పానిష్‌లో వేరు అని. పాప పక్కనే ఇంగ్లీష్ మాట రాసి, పెన్సిల్ నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, కింద ‘వేరు’ అని తెలుగులో రాసింది. ర కొమ్ము తిరగేసి రాసింది, అయినా చదవగలిగాను. "మా నానమ్మ పెసలు ఇలాగే గుడ్డలో కడుతుంది, కానీ మేం తినేస్తాం" అని వాడికి చెప్పింది. ఆ తర్వాత వారం రోజులు ఆ కుర్రాడు తన సంచి దగ్గరికెళ్లి ‘వేరు, వేరు’ అంటూనే ఉన్నాడు.

ఆ కుర్రాడి గురించి కూడా మీరు ఆలోచించాలని నా కోరిక. ఈ ప్రోగ్రాములు మొదట అలాంటి పిల్లల కోసమే వచ్చాయి. వాళ్లకిది అదనపు నైపుణ్యం కాదు, ఇంట్లో అమ్మ మాట్లాడే భాషకి బడిలో గౌరవం దొరకడం. స్టాన్‌ఫర్డ్‌లో గ్వాదలూపే వాల్దెస్ అనే ప్రొఫెసర్ 1997లోనే దీని మీద హెచ్చరించారు: ఇంగ్లీష్ పిల్లలకి స్పానిష్ నేర్పడంలో పడి, స్పానిష్ పిల్లల చదువుని పక్కన పెట్టేయొద్దని. నేనూ కళ్లారా చూశాను. మన పిల్లలు చకచకా చేతులెత్తి జవాబులు చెప్తుంటే స్పానిష్ పిల్లలు తమ సొంత భాష గంటలోనే మౌనంగా కూర్చునేవాళ్లు. టీచర్ దాన్ని సరిచేయాలి. మనం చేయగలిగింది మన పాపకి వాళ్లతో స్నేహం కల్పించడం. పుట్టినరోజుకి వాళ్లని పిలవండి. వాళ్ల అమ్మతో వచ్చీరాని ఇంగ్లీష్‌లోనైనా మాట్లాడండి. పాప స్పానిష్ నిజంగా పెరిగేది అక్కడే.

చేర్చేముందు కొన్ని విషయాలు చూసుకోండి.

హోమ్ లాంగ్వేజ్ సర్వేలో నిజం రాయండి. అడ్మిషన్ ఫారంలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. ‘తెలుగు అని రాస్తే పిల్లని వెనకబడ్డవాళ్లలో వేస్తారు’ అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. తెలుగు అని రాస్తే ఇంగ్లీష్ పరీక్ష ఒకటి పెడతారు, అంతే. బాగా చేస్తే ఏ ముద్రా ఉండదు. చేయలేకపోతే ఇంగ్లీష్‌లో అదనపు సాయం అందుతుంది, ఆ ఏర్పాటుకి మీ సమ్మతి కూడా అడుగుతారు. అయితే ఒక్కటి కనుక్కోండి: పాపకి ఇంగ్లీష్ ఇంకా సరిగా రాకపోతే మీ స్కూల్ జిల్లావాళ్లు ఇంగ్లీష్ వచ్చిన పిల్లల వంతు సీటు ఇస్తారా లేదా అని. ఈ రూల్ జిల్లా జిల్లాకీ మారుతుంది.

ఐదో తరగతి దాకా ఉంటామనుకుంటేనే చేరండి. రెండో తరగతిలో తీసేస్తే కష్టమంతా పడి, ఫలితం రాకముందే వచ్చేసినట్టు. పైగా ఆ సీటు ఖాళీగా ఉండిపోతుంది, ఒకటో తరగతి దాటాక కొత్తవాళ్లని తీసుకోవడం చాలాచోట్ల ఉండదు. ఉద్యోగం, వీసాల వల్ల రెండేళ్లలో ఊరు మారొచ్చు అనుకుంటే మాత్రం ఆలోచించుకోండి.

క్లాసులో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఎంతమంది ఉన్నారో అడగండి. మూడోవంతు కంటే తక్కువైతే ఆట స్థలంలో ఇంగ్లీషే రాజ్యమేలుతుంది. స్పానిష్ టీచర్లు ఏడాదికోసారి మారిపోతున్నారా, మిడిల్ స్కూల్లో ఈ ప్రోగ్రాం కొనసాగుతుందా అని కూడా కనుక్కోండి. వీలైతే ఒక రెండో తరగతిలో స్పానిష్ గంటప్పుడు వెనక ఇరవై నిమిషాలు కూర్చోనివ్వమని అడగండి. టీచర్ ఏ భాషలో మాట్లాడుతోందని కాదు, పిల్లలు ఒకరి చెవిలో ఒకరు ఏ భాషలో గుసగుసలాడుతున్నారో వినండి.

మొదటి నాలుగైదు నెలలు పాప ఇంటికొచ్చి స్పానిష్‌లో ఒక్క మాటా మాట్లాడదు. చుట్టాల ముందు ‘ఏదీ, స్పానిష్‌లో చెప్పు’ అని అడక్కండి. లోపల పోగుపడుతుంటుంది. మా క్లాసుల్లో చాలామందికి సంక్రాంతి సెలవులయ్యే వేళకి, అంటే ఇక్కడి క్రిస్మస్ బ్రేక్ తర్వాత, నోరు విచ్చుకుంటుంది.

ఇక హోంవర్క్. స్పానిష్ రాని తల్లిదండ్రులు ఉంటారని స్కూలుకి తెలుసు. రోజూ పది నిమిషాలు పాపచేత స్పానిష్ పుస్తకం పైకి చదివించండి, మీరు వేలితో పట్టుకుని వింటూ ఉండండి. చదివింది తెలుగులో చెప్పమనండి. అదే అన్నిటికంటే మంచి హోంవర్క్. స్పానిష్‌లో చదివి తెలుగులో చెప్పిందంటే అర్థమైనట్టే, పైగా తెలుగూ కదులుతుంది. పబ్లిక్ లైబ్రరీలో స్పానిష్ పిల్లల పుస్తకాలు బోలెడుంటాయి, ఇంగ్లీష్ నుంచి అనువదించినవి కాకుండా స్పానిష్‌లోనే రాసినవి ఇవ్వమని లైబ్రేరియన్‌ని అడగండి. వారాంతంలో తెలుగు నేర్పే మనబడి క్లాసులు మీకు దగ్గర్లో ఉంటే చేర్చండి, కానీ వారానికి ఒక క్లాసుతో తెలుగు నిలవదు. రాత్రి పడుకోబెట్టేటప్పుడు చెప్పే కథ తెలుగులోనే ఉండనివ్వండి.

బడి తెరిచేముందు స్పానిష్ ఏమైనా నేర్పాలా అని అడిగారు. ఒక్క వాక్యం నేర్పండి చాలు: "పుయెదో ఇర్ అల్ బాన్యో?" బాత్‌రూంకి వెళ్లొచ్చా అని. మొదటివారం ఏడ్చే పిల్లల్లో సగంమంది ఆ మాట ఎలా అడగాలో తెలియకే ఏడుస్తారు.